కంటెయినర్ల మీద కన్ను: ఎవరి ఆకు ఖాళీగా ఉంది?

పోయిన సంవత్సరం ఒక స్కాలర్‌షిప్ దరఖాస్తుకు ఆఖరి రోజు. ఫోటో పెట్టి నొక్కితే పేజీ తిరుగుతూనే ఉంది, తర్వాత ఎర్రర్. అక్కడిచ్చిన నంబరుకు ఫోన్ చేస్తే "సర్వర్ బాగానే ఉందమ్మా" అన్నారు. నాది నాలుగోసారికి వెళ్లింది. నా పక్క బెంచీ అమ్మాయిది వెళ్లనే లేదు, గడువు దాటిపోయింది.

బాగానే ఉంటే మాకెందుకు అలా అయింది? సాఫ్ట్‌వేర్‌లో పనిచేసే మా పెద్దమ్మ కూతురిని అడిగాను. "అక్కడ ఏం జరిగిందో నేను చెప్పలేను గానీ, ఇలాంటివి ఎలా జరుగుతాయో చెప్తా, కూర్చో" అంది అక్క. సగం కన్నడంలో, సగం తెలుగులో ఆమె చెప్పినదీ, తర్వాత నేను చదివినదీ కలిపి రాస్తున్నా. ఆర్ట్స్ వాళ్లకు ఇదెందుకు అనకండి, దరఖాస్తులు మనమూ పెడతాం కదా!

కంటెయినర్ అంటే ఒక ప్రోగ్రామునూ, అది నడవడానికి కావలసిన సరంజామానూ కలిపి కట్టిన మూట. ఒకే కంప్యూటరు మీద ఇలాంటివి చాలా నడుస్తాయి. 2013లో డాకర్ వచ్చాక ఈ పద్ధతి బాగా వ్యాపించింది. వందల మూటల్ని ఎక్కడ నడపాలి, ఆగిపోయినదాని బదులు కొత్తది ఎప్పుడు పెట్టాలి అని చూసుకోవడానికి 2014లో గూగుల్ కుబర్నెటీస్‌ను బయటపెట్టింది. గ్రీకులో ఆ మాటకు ఓడ చుక్కాని పట్టేవాడని అర్థం.

చిక్కు ఇక్కడే మొదలవుతుంది. పాత పద్ధతిలో సర్వర్‌కు ఒక పేరు, ఒక చిరునామా. జాబితా రాసుకుని ఒక్కొక్కదాన్నీ చూస్తే సరిపోయేది. కంటెయినర్ అలా కాదు. ఇప్పుడున్నది కాసేపట్లో పోతుంది, దాని బదులు వచ్చినదానికి పేరు వేరు, చిరునామా వేరు. జాబితా రాసేలోపే పాతబడుతుంది.

మన పెళ్లిళ్లలో వడ్డన గుర్తు తెచ్చుకోండి. వడ్డించే పిల్లలు వస్తుంటారు, పోతుంటారు. చూసుకునే పెద్దాయన వాళ్ల పేర్లు రాసుకోడు. అన్నం వాళ్లెవరు, సాంబారు వాళ్లెవరు అని చూస్తాడు. ఏ బంతిలో ఎవరి ఆకు ఖాళీగా ఉందో చూస్తాడు.

ఇక్కడా అంతే. ప్రతి కంటెయినర్‌కూ "ఇది ఫోటోలు తీసుకునే పని" లాంటి లేబుల్ తగిలిస్తారు. సౌండ్‌క్లౌడ్ అనే సంగీత సంస్థలో 2012లో మొదలైన ప్రొమీథియస్ అనే సాధనం, ఇప్పుడు ఎవరెవరు ఉన్నారని కుబర్నెటీస్‌నే అడుగుతుంది. తర్వాత కొన్ని సెకన్లకోసారి ఒక్కొక్కదాని దగ్గరికీ వెళ్లి అంకెలు తెచ్చి, లేబుళ్లతో సహా దాచుకుంటుంది. కంటెయినర్ పోయినా దాని లెక్క ఉంటుంది.

మరి మోసపోయేది ఎక్కడ? అక్క మూడు చెప్పింది.

ఒకటి, సగటు. ఆరు కంటెయినర్లలో ఒకటి చెడితే, మన నొక్కు దాని మీద పడితే ఎర్రర్, వేరేదాని మీద పడితే పని అయిపోతుంది. మొత్తం సగటు మాత్రం బాగానే కనిపిస్తుంది. అందుకే బతికి ఉందా అన్న పరీక్ష ఒక్కటే చాలదు, పని తీసుకోవడానికి సిద్ధంగా ఉందా అన్నది వేరే పరీక్ష. ఆ రెండోదాంట్లో తప్పితే కుబర్నెటీస్ దానికి పని పంపడం మానేస్తుంది.

రెండు, తిరిగి లేవడం. ఇచ్చిన హద్దు కంటే ఎక్కువ మెమరీ వాడితే కెర్నెల్ దాన్ని చంపేస్తుంది, 137 అనే సంఖ్య మిగులుతుంది. కుబర్నెటీస్ దాన్ని మళ్లీ లేపుతుంది. పడుతూనే ఉంటే 10 సెకన్లు, 20, 40 అంటూ 5 నిమిషాల వరకు ఆగి ఆగి లేపుతుంది. చూసినప్పుడల్లా నడుస్తున్నట్టే ఉండొచ్చు. అందుకని ఎన్నిసార్లు పడిందో లెక్కపెట్టాలి.

మూడు, లాగ్. ఏం జరిగిందో కంటెయినర్ రాసుకునే దినచర్య అది. ఎప్పటికప్పుడు బయటికి పంపి దాచకపోతే, కంటెయినర్‌ను తీసేసినప్పుడు అదీ పోతుంది.

గూగుల్ ఇంజనీర్లు 2016లో తెచ్చిన పుస్తకంలో ముఖ్యంగా నాలుగు చూడమన్నారు: జవాబుకు ఎంతసేపు పడుతోంది, ఎంతమంది వస్తున్నారు, ఎన్ని తప్పుతున్నాయి, ఎంత నిండిపోయింది. మొదటి మూడూ గుమ్మం దగ్గర నిలబడ్డ మన లెక్కలే.

ఇంకోసారి ఇలా అయితే "సైట్ రావట్లేదు" అని ఊరుకోకండి. ఎర్రర్ కనిపించే తెరను సమయంతో సహా ఫోటో తీసి పంపండి. లాగ్ దాచి ఉంటే, ఆ నిమిషాన్ని పట్టుకుని వెతకొచ్చట. ఆ రోజు మా ఇద్దరికీ ఈ సంగతి తెలియదు.