జింక పుర్రెకు తెలుపు ఎలా వస్తుంది?

ప్రశ్న: మేం టెక్సస్‌లో ఉంటాం. లైసెన్సుతో వేటాడిన వైట్‌టెయిల్ జింక పుర్రెను హాల్లో పెట్టాలని ఉంది. బాగా ఉడకబెట్టి బ్లీచ్‌లో వేస్తే సరిపోతుందా?

జవాబు: ఆ రెండూ వద్దు. ఎముకను పసుపుపచ్చగా మార్చేది ముఖ్యంగా లోపలి కొవ్వు. అది పోకుండా పైపైన ఎంత తెల్లబరిచినా కొంతకాలానికి మరకలు మళ్ళీ తేలతాయి. సలసల మరిగిస్తే ఆ కొవ్వు ఎముకలోకి ఇంకుతుంది, ముక్కు దగ్గరి పలుచని ఎముకలు ఊడొస్తాయి. బ్లీచ్ మరీ చెరుపు. ఎముకను పట్టి ఉంచే కొల్లాజెన్‌ను తినేస్తుంది. పుర్రె సుద్దలా పొడిరాలుతుంది. అందుకే మెదడు, కండ తీసేసి, కొమ్ములు మునగకుండా గోరువెచ్చని నీళ్ళలో కొన్ని వారాలు నాననివ్వండి. మిగిలిన మాంసాన్ని బాక్టీరియానే కరిగిస్తుంది. తర్వాత గిన్నెలు తోమే లిక్విడ్ కలిపిన వెచ్చని నీళ్ళలో ఉంచి, అవి మబ్బుగా మారినప్పుడల్లా మార్చండి. ఓపిక పట్టాల్సింది ఇక్కడే. చివరగా మందుల షాపులో దొరికే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్. ఆక్సిజన్ వెలువడుతుంది కనుక మూత బిగించకండి. కొమ్ములకు తగిలితే వాటి రంగు పోతుంది.

వేటగాళ్ళు చాలామంది ఉడకబెడతారు కదా అంటారేమో. సన్నని సెగ మీద కాసేపైతే నష్టం తక్కువే, వాసన బాధా తప్పుతుంది. కొవ్వు తీసే పని మాత్రం అప్పుడూ తప్పదు. ఉడికిస్తే రోగాలన్నీ పోతాయన్న ధీమా కూడా వద్దు. టెక్సస్ జింకల్లో కనిపించిన క్రానిక్ వేస్టింగ్ వ్యాధికి కారణమైన ప్రియాన్లు మరిగే నీళ్ళకు నశించవు. గ్లవ్స్ వేసుకోండి, మెదడును స్థానిక నిబంధనల ప్రకారమే పారవేయండి. ఇండియాలో చుక్కల దుప్పి, కణుజు పుర్రెలను అనుమతి లేకుండా ఉంచుకోవడమే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. అక్కడి బంధువులకు ఈ పద్ధతి చెప్పేటప్పుడు ఆ మాటా చెప్పండి.