ప్రత్యుత్తరం ఎక్కడికి?

గత సంవత్సరం మా విద్యార్థిని ఒకామెకు ఉపకారవేతనం విషయమై ఒక ఈమెయిలు వచ్చింది. దరఖాస్తులో పుట్టిన తేదీ సరిపోలడం లేదనీ, వారం లోపల సవరించాలనీ అందులో ఉంది. ఆమె ఆ ఉత్తరానికే బదులు వ్రాసి, ధ్రువపత్రం జతపరచి నిశ్చింతగా ఉండిపోయింది. ఆ బదులు చదివిన మనిషి లేడు. గడువు దాటింది. పిమ్మట తండ్రిని వెంటబెట్టుకొని కార్యాలయానికి వెళ్లి బతిమాలుకోవలసి వచ్చింది.

ఆ ఉత్తరం పంపినది యంత్రం. బ్యాంకులు, బీమా సంస్థలు మొదలైన చోట్ల మెయిన్‌ఫ్రేములు రాత్రివేళ ఇటువంటి ఉత్తరాలు పంపుతుంటాయి. మనం వ్రాసే బదులు ఎక్కడికి పోవాలో నిర్ణయించేది అందులోని ఒక్క పంక్తి.

ఈమెయిలులో కవరుపై చిరునామా వేరు, లోపలి కాగితంపై చిరునామా వేరు. 1982లో జాన్ పోస్టెల్ రచించిన ఆర్‌ఎఫ్‌సీ 821 కవరును, డేవిడ్ క్రాకర్ రచించిన ఆర్‌ఎఫ్‌సీ 822 కాగితాన్ని నిర్దేశించాయి. 2001లోనూ 2008లోనూ వాటిని సవరించినా ఈ విభజన చెదరలేదు. బట్వాడా కాని ఉత్తరం కవరుపై ఉన్న ‘మెయిల్ ఫ్రమ్’ చిరునామాకు తిరిగివస్తుంది. చదువరి వ్రాసే బదులు కాగితంపై ఉన్న ‘రిప్లై-టు’కు పోతుంది, అది లేకుంటే ‘ఫ్రమ్’కు పోతుంది. ఆ ‘ఫ్రమ్’ చాలాచోట్ల పెట్టె అంటూ లేని యంత్రపు పేరు మాత్రమే.

ఐబీఎం వారి జెడ్/ఓఎస్‌లో బ్యాచ్ జాబ్ కవరునూ కాగితాన్నీ ఒకే ఫైలుగా స్పూలులో వ్రాస్తుంది. సీఎస్‌ఎస్‌ఎంటీపీ అనే ప్రోగ్రాము దానిని మెయిల్ సర్వరుకు అందిస్తుంది. చిక్కంతా ఇక్కడే. ‘డేటా’ అనే ఆజ్ఞకు ముందున్నది కవరు, తరువాతిది కాగితం. ‘రిప్లై-టు’ పంక్తిని డేటాకు ముందు పెడితే అది తెలియని ఆజ్ఞగా తిరస్కరణకు గురవుతుంది. శీర్షభాగం ముగిసిన ఖాళీ పంక్తికి దిగువన పెడితే ఉత్తరంలోని వాక్యంగా కనిపిస్తుంది గాని పనిచేయదు. ఆ రెండింటి నడుమనే ఉండాలి. (చిరునామాలోని ‘ఎట్’ గుర్తుకు ఆస్కీలో సంకేతం 40, మెయిన్‌ఫ్రేము వాడే ఎబ్సిడిక్‌లో 40 అంటే ఖాళీ జాగా! లిపి మార్పిడిలో పొరపడితే చిరునామాయే చెడుతుంది.)

ఏ చిరునామా వ్రాయాలి? ఒక గుమాస్తా పేరిట వ్రాస్తే ఆయన బదిలీ అయిన నాడు బదుళ్లు అనాథలవుతాయి. కార్యాలయపు ఉమ్మడి పెట్టెను వ్రాయడమే మేలు. తిరిగివచ్చే ఉత్తరాలకు మాత్రం కవరుపై సాంకేతిక సిబ్బంది పెట్టె ఉండాలి. ‘దీనికి బదులు వ్రాయవద్దు’ అని అడుగున ముద్రించి చేతులు దులుపుకొనడం మాకు సమ్మతం కాదు. గడువు విధించి సవరణ అడిగిన ఉత్తరంలో అసలే కాదు.

ప్రోగ్రాము వ్రాసినవారు మొదటి ఉత్తరం తమకే పంపుకొని, బదులు వ్రాసి, అది ఏ పెట్టెలో పడిందో చూసుకోవాలి. ఆ పెట్టెను ఉదయం ఎవరు తెరుస్తారో కూడా అడిగి తెలుసుకోవాలి.