మాటకంటే ముందు వేలు

ఏడాది దాటిన బిడ్డకు మాటలు రావడం లేదని దిగులుపడే తల్లిదండ్రులు ముందుగా లెక్కపెట్టేది మాటలనే. అమ్మ, తాత, అత్త... అక్కడితో వేళ్ళ మీద లెక్క అయిపోతుంది. ఆ వయసులో నోటికంటే ముందు గమనించాల్సినవి చేతులూ కళ్ళూ. ఈసారి వచ్చిన ప్రశ్నలు దాదాపు అన్నీ వాటి గురించే.

ప్రశ్న: మా బాబుకు పదహారు నెలలు. ఏది కావాలన్నా నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్తాడు. వేలు పెట్టి చూపించడు. టాటా చెప్పమంటే చెప్పడు. మాటలు రెండో మూడో. నడక మాత్రం పదకొండో నెలలోనే వచ్చేసింది. కంగారు పడాలా?
— ఒక తల్లి, ఖమ్మం

జవాబు: నడక తొందరగా వచ్చినంత మాత్రాన మాటల గురించి నిశ్చింతగా ఉండటానికి లేదు. రెండింటి దారులూ వేరు. కంగారు అక్కర్లేదు గానీ, ‘వాడే నేర్చుకుంటాడులే’ అని ఊరుకునే సందర్భం కూడా కాదు.

పిల్లల సైగలకు ఒక వరస ఉంటుంది. తొమ్మిది, పది నెలలకు ఎత్తుకోమని రెండు చేతులూ చాపుతారు, చేతిలోని గిలక అమ్మకు అందిస్తారు, వద్దంటే తోసేస్తారు. ఏడాది ప్రాంతంలో టాటా, చప్పట్లు, జేజ వస్తాయి. ఆ వెనకే చూపుడు వేలు బయటికొస్తుంది. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 2022లో సవరించిన ఎదుగుదల పట్టిక ప్రకారం 12 నెలలకు టాటా, 15 నెలలకు ఏదైనా కావాలని అడగడానికి వేలు చూపడం, 18 నెలలకు ఆసక్తిగా అనిపించినదాన్ని ఎదుటివాళ్ళకు చూపించడానికి వేలు చాపడం రావాలి. ప్రతి నలుగురిలో కనీసం ముగ్గురు పిల్లలు ఆ వయసుకు చేయగలిగినవాటినే ఆ పట్టికలో చేర్చారు. కాబట్టి గడువు దాటిన ప్రతి బిడ్డకూ ఏదో లోపం ఉన్నట్టు కాదు, పిల్లల డాక్టరును కలవాల్సిన సమయం వచ్చినట్టు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకైతే రెండేళ్ళు వచ్చేదాకా వయసును అసలు కాన్పు కావాల్సిన తేదీ నుంచి లెక్కవేయాలి.

అడగడానికీ, చూపించడానికీ వేరువేరు వయసులు ఎందుకు? ఈ తేడాను ఎలిజబెత్ బేట్స్, ఇటలీకి చెందిన లుయీజియా కమయోనీ, వర్జీనియా వోల్టెర్రా 1975లోనే వివరించారు. అలమర మీది బిస్కెట్ డబ్బాకేసి వేలు చూపే బిడ్డకు కావలసింది బిస్కెట్. గోడ మీద పిల్లిని చూసి, వేలు చాపి, వెంటనే వెనక్కి తిరిగి అమ్మ మొహం చూసే బిడ్డకు పిల్లి అక్కర్లేదు. తను చూసినదాన్ని అమ్మ కూడా చూడాలి, అంతే. పిల్లి, వేలు, అమ్మ కళ్ళు ఒక్క క్షణంలో కలుస్తాయి. ‘అదుగో పిల్లి’ అని అమ్మ అనేదీ సరిగ్గా అప్పుడే. బిడ్డ మనసు దేని మీద ఉందో దాని పేరే చెవిన పడుతుంది కనుక ఆ మాట నిలుస్తుంది. షికాగో ప్రాంతంలో 50 కుటుంబాలను పరిశీలించిన మెరెడిత్ రో, సూసన్ గోల్డిన్-మెడో 2009లో ప్రచురించిన ఫలితం కూడా ఇదే చెప్పింది. పద్నాలుగు నెలల వయసులో సైగలతో ఎక్కువ విషయాలు తెలిపిన పిల్లలకు నాలుగున్నరేళ్ళకు పదసంపద ఎక్కువగా ఉంది.

ఇక చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళడం. చాలామంది పిల్లలు చేసేదే. అయితే లాక్కెళ్ళాక ఏం చేస్తాడన్నది ఖమ్మం తల్లి గమనించాలి. తలుపు దగ్గర ఆగి, ఆమె మొహంలోకి చూసి, ‘ఊఁ’ అని మళ్ళీ తలుపుకేసి చూస్తే అది అడగడమే, వేలు ఇంకా రాలేదంతే. అలా కాకుండా ఆమె మొహమే చూడకుండా, చేతిని ఒక పనిముట్టులా తీసుకెళ్ళి తలుపు పిడి మీద పెడుతుంటే, పేరు పెట్టి పిలిచినా ఎక్కువసార్లు తిరక్కపోతే, ‘అదుగో ఫ్యాన్’ అని చూపినా అటు చూడకపోతే, ఆటిజం ఉందేమో పరీక్ష చేయించాలి. ఆ మాట వినగానే గుండె జారడం సహజం. కానీ ఈ లక్షణాల్లో ఏ ఒక్కటీ విడిగా దేన్నీ తేల్చదు.

ఇందుకు వాడే ఎంచాట్ అనే ప్రశ్నావళి 16 నుంచి 30 నెలల పిల్లలకు. అందులో 20 ప్రశ్నలుంటాయి. అడగడానికి వేలు చూపుతాడా, చూపించడానికి చూపుతాడా, మీరు చూపినవైపు చూస్తాడా అన్నవి వాటిలో ఉన్నాయి. అది జల్లెడ మాత్రమే, నిర్ధారణ కాదు. జవాబులు ఆందోళన కలిగించేలా ఉన్నా, వివరంగా పరీక్షించాక ఆటిజం లేదని తేలే పిల్లలు ఉంటారు.

డాక్టరు దగ్గరికి వెళ్ళేలోపు ఇంట్లో చేయగలిగినది ఒకటుంది. పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బాలో బిడ్డకు ఇష్టమైన మరమరాలు వేసి, మూత బిగించి, చేతికివ్వాలి. ఇచ్చాక ఏమీ మాట్లాడకూడదు. బిడ్డ డబ్బాను తిప్పుతాడు, కొడతాడు, నోట్లో పెట్టుకుంటాడు. ఇక్కడే పెద్దవాళ్ళకు ఓపిక చాలదు, ‘మూత తియ్యాలా నాన్నా?’ అంటూ చెయ్యి ముందుకు పోతుంది. మనసులో నెమ్మదిగా పది లెక్కపెట్టేదాకా ఆగితే డబ్బా అమ్మ ఒళ్ళోకి రావచ్చు, దానితోపాటు ఒక చూపు కూడా రావచ్చు. వచ్చిన మరుక్షణం మూత తీసి ‘తియ్యి’ అనాలి. రెండు చేతుల్లో అరటిపండూ బిస్కెట్టూ పట్టుకుని ఏది కావాలో అడగడం కూడా ఇలాంటిదే. అడగకముందే అన్నీ అందించే ఇంట్లో బిడ్డకు వేలు చాపే పని తక్కువ. అలాగని ముద్దుచేయడం వల్లే సైగలు రాలేదని తల్లిని నిందించడం తప్పు.

ప్రశ్న: బాబుకు ఇరవై నెలలు. నాలుక మందమని మా అమ్మ వసకొమ్ము తేనెలో అరగదీసి నాకిస్తోంది. నాకూ మూడేళ్ళకు గానీ మాటలు రాలేదట. మగపిల్లలు ఆలస్యమేనని అందరూ అంటున్నారు.
— ఒక తండ్రి, నరసరావుపేట

జవాబు: గలగలా మాట్లాడేవాళ్ళను వసపిట్ట అనడం తెలుగిళ్ళలో మామూలే కనుక నాయనమ్మ నమ్మకం ఎక్కడిదో అర్థమవుతుంది. కానీ వస మాటలు తెప్పిస్తుందనడానికి ఆధారం లేదు. దానిలోని బీటా-అసరోన్ అనే పదార్థం జంతువులపై ప్రయోగాల్లో కణితులు కలిగించడంతో అమెరికా 1968లో వసను ఆహారంలో వాడకుండా నిషేధించింది. ఏడాదిలోపు పిల్లలకైతే తేనె కూడా పెట్టకూడదు, బోటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. అమ్మకు ఎదురు చెప్పడం కష్టమైతే ఆ మాట డాక్టరు నోటితో చెప్పించడం తేలిక.

నాలుక కింద పొర బిగుసుగా ఉంటే పాలు తాగడం ఇబ్బంది కావచ్చు, పెద్దయ్యాక కొన్ని అక్షరాలు తేడాగా పలకవచ్చు. మాటలే రాకపోవడానికి మాత్రం అది కారణం కాదు. నాలుక చూసేముందు చెవి చూడాలి.

చెవి సంగతి ఇళ్ళలో తేలిగ్గా తీసుకుంటారు. వెనక నిలబడి పళ్ళెం మీద గరిటెతో కొడితే బిడ్డ తిరిగాడు, ఇక వినికిడి బాగున్నట్టే అనుకుంటారు. కుక్కర్ కూతకు ఉలిక్కిపడే బిడ్డకు కూడా ‘స’, ‘ఫ’ లాంటి సన్నని ధ్వనులు వినపడకపోవచ్చు. పదేపదే జలుబు చేసే పిల్లలకు కర్ణభేరి వెనక నీరు చేరి కొన్ని వారాలపాటు వినికిడి తగ్గుతుంటుంది. చెవిలో చిన్న మొన పెట్టి చేసే ఓఏఈ పరీక్ష నిమిషాల్లో అయిపోతుంది. నిద్రపోతున్న బిడ్డ తల మీద తీగలు అతికించి చేసే బెరా పరీక్షకు ఇంకొంచెం సమయం పడుతుంది. పుట్టినప్పుడు చేయించాం కదా అని ఊరుకోకూడదు, తర్వాత వచ్చే లోపాలూ ఉంటాయి.

మగపిల్లలు సగటున కొంచెం ఆలస్యం అన్నది నిజమే, ఆ తేడా మాత్రం చిన్నది. ఆలస్యంగా మాట్లాడటం వంశంలో ఉండటం కూడా నిజమే. అలాంటి పిల్లల్లో చాలామంది తర్వాత అందుకుంటారు. చెప్పింది అర్థం చేసుకుంటూ, సైగలతో పని జరుపుకునే బిడ్డ అందుకునే అవకాశం ఎక్కువ. తండ్రికి ఆ వయసులో సైగలు ఉన్నాయో లేదో ఇప్పుడు ఎవరికీ గుర్తుండదు. అందుకే ఆయన కథ బాబుకు కొలమానం కాలేదు.

ప్రశ్న: పాప ఇండియన్ డేకేర్‌కు వెళ్తుంది. ఇంట్లో తెలుగు, అక్కడ ఇంగ్లీషు, హిందీ. ఇరవై రెండు నెలలకు పది మాటలే. తెలుగు మానేసి ఇంగ్లీషే మాట్లాడమని స్నేహితులు చెబుతున్నారు.
— ఒక జంట, డాలస్

జవాబు: తెలుగు మానాల్సిన పనిలేదు. రెండు మూడు భాషలు వినడం వల్ల మాటల లోపం రాదు. పాప మాటలను లెక్కపెట్టేటప్పుడు అన్ని భాషలవీ కలపాలి: ‘పాలు’, ‘బాల్’, ‘పానీ’ మూడు మాటలు. తల్లిదండ్రులకు హాయిగా వచ్చిన భాషలోనే ఆటా పాటా కబుర్లూ నడుస్తాయి.

అయితే ఇరవై రెండు నెలలకు పది మాటలంటే, కారణం భాషల మీదికి నెట్టేసి ఊరుకోవడానికీ లేదు. అమెరికాలో మూడేళ్ళలోపు పిల్లలకు ప్రభుత్వ సత్వర సేవల పథకం ఉంది, టెక్సస్‌లో దాన్ని ఈసీఐ అంటారు. డాక్టరు చీటీ లేకుండా తల్లిదండ్రులే ఫోన్ చేయవచ్చు. పరీక్షకు రుసుము ఉండదు. ఇంటి భాషలో పరీక్షించమని, దుబాసీని ఏర్పాటు చేయమని అడగవచ్చు.

ప్రశ్న: పాటలు చూపిస్తేనే అన్నం తింటుంది. ఫోన్ వల్లే మాటలు రాలేదా?
— ఒక తల్లి, కరీంనగర్

జవాబు: ఫోన్ వల్లే అని ఎవరూ తేల్చి చెప్పలేరు. రెండేళ్ళలోపు తెర వద్దని, దూరాన ఉన్నవాళ్ళతో వీడియో కాల్ ఒక్కటీ మినహాయింపని భారత పిల్లల వైద్యుల సంఘం సలహా. ఫోన్ పాట బిడ్డ కోసం ఆగదు. ‘చందమామ రావే’ పాడే అమ్మమ్మ మధ్యలో ఆపితే, ఇంకా పాడమని పాప చెయ్యి ఊపాల్సి వస్తుంది. ఒకేసారి లాక్కుంటే ఇంట్లో యుద్ధమే. ముందు ఒక పూట భోజనం ఫోన్ లేకుండా మొదలుపెట్టడం మంచిది.

ప్రశ్న: ఏడాదికి టాటా చెప్పేది, జేజ పెట్టేది, ‘బువ్వ’ అనేది. పద్దెనిమిదో నెల వచ్చేసరికి అన్నీ మానేసింది. తమ్ముడు పుట్టాడని అలకేమో అంటున్నారు.
— ఒక తల్లి, అనకాపల్లి

జవాబు: ఈ ఉత్తరం రాసిన తల్లి వచ్చే నెల దాకా ఆగకూడదు. తమ్ముడు పుడితే పిల్లలు మొండికేస్తారు, మళ్ళీ పాలసీసా అడుగుతారు. వచ్చిన సైగలు, మాటలు పోవడం మాత్రం ఏ వయసులోనైనా వెంటనే డాక్టరుకు చూపించాల్సిన విషయం.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీ పిల్లలను వైద్య బృందాలు ఏడాదికి రెండుసార్లు పరీక్షించాలి. తేడా కనిపిస్తే జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపుతారు. బృందం వచ్చేదాకా చూడక్కర్లేదు, అంగన్‌వాడీ కార్యకర్తనో ఆశా కార్యకర్తనో అడిగితే దగ్గర్లోని కేంద్రం ఎక్కడుందో చెబుతారు. హైదరాబాద్ వైపు ఉన్నవారికి సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో రెండు కేంద్ర ప్రభుత్వ సంస్థల సేవలు ఉన్నాయి. మేధో వైకల్యాల కోసం నీపిడ్, వినికిడి, మాటల కోసం అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం.

ఆసుపత్రిలో కొత్త మొహాలను చూసి బిడ్డ బిగుసుకుపోవచ్చు, లేదా గుక్కపట్టి ఏడవవచ్చు. అందుకని ఫోన్‌లో మూడు చిన్న వీడియోలు తీసుకెళ్ళాలి: అన్నం తినేటప్పటిది ఒకటి, వెనకనుంచి పేరు పెట్టి పిలిచినప్పటిది ఒకటి, ఏడాది వయసులో టాటా చెప్పిన పాతది ఒకటి.