కువైట్ నుంచి వచ్చేసేముందు

రాయచోటి, రాజంపేట, కోడూరు, బద్వేలు వైపు కువైట్‌కు మనిషిని పంపని వీధి అరుదు. పోయేటప్పుడు వీసా, ఏజెంటు, అప్పు అంటూ నెలల తరబడి లెక్కలు వేస్తాం. వచ్చేటప్పుడు మాత్రం టికెట్టు దొరికితే చాలనుకుంటాం. నష్టం అక్కడే జరుగుతుంది.

అక్కడి బాకీ అక్కడే వసూలు చేసుకోండి

ఇళ్లలో పనిచేసే ఖద్దామాలకు, వంటవాళ్లకు, డ్రైవర్లకు కువైట్‌లో 2015 నాటి 68వ నంబరు చట్టం ఉంది. దాని ప్రకారం కాంట్రాక్టు ముగిశాక, పనిచేసిన ఏడాదికి ఒక నెల జీతం చొప్పున కఫీల్ (పనిలో పెట్టుకున్న యజమాని) ఇవ్వాలి.

కంపెనీ వీసా మీద ఉన్నవాళ్లకు 2010 నాటి చట్టం వర్తిస్తుంది. నెల జీతగాళ్లకు మొదటి ఐదేళ్లకు ఏడాదికి 15 రోజుల జీతం, ఆపైన ఏడాదికి నెల జీతం. గడువు రాయని కాంట్రాక్టులో మీరే రాజీనామా చేస్తే మూడేళ్ల లోపు ఏమీ రాదు. మూడు నుంచి ఐదేళ్లకైతే సగం, ఐదు నుంచి పదేళ్లకైతే మూడింట రెండు వంతులు, పదేళ్లు దాటితే మొత్తం వస్తుంది. కాబట్టి ఐదేళ్లు నిండడానికి రెండు నెలలే ఉంటే ఆ రెండు నెలలు ఓర్చుకోండి.

అరబ్బీలో రాసిన కాగితం చదివించుకోకుండా, డబ్బు చేతికి రాకుండా సంతకం పెట్టొద్దు. బాకీ మిగిలిపోతే అక్కడే ఉండే నమ్మకస్తుడి పేరిట పవర్ ఆఫ్ అటార్నీ రాయించి రండి. అకామా (నివాస అనుమతి) గడువు తీరిపోయినవాళ్లకు 2018లో, 2024లో క్షమాభిక్ష దొరికింది. మళ్లీ ఎప్పుడో వస్తుందని దాన్ని నమ్ముకుని కూర్చోకండి.

ఇక్కడ చేయాల్సినవి

శాశ్వతంగా వచ్చేస్తే బ్యాంకుకు చెప్పి ఎన్నారై ఖాతాను మామూలు ఖాతాగా మార్పించాలి. డ్రైవర్లు మన లైసెన్సు చూసుకోండి. గడువు తీరి ఏడాది దాటితే మళ్లీ డ్రైవింగ్ పరీక్షకు నిలబడాలి. గడువుకు ఏడాది ముందు నుంచే రెన్యువల్ చేస్తారు కాబట్టి సెలవు మీద వచ్చినప్పుడే ఆ పని ముగించుకోండి.

సొంతంగా ఏదైనా పెట్టుకోవాలంటే ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం (పీఎంఈజీపీ) ఉంది. పల్లెల్లో కొత్త యూనిట్ పెట్టే మహిళలకు, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకు ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం, ఇతరులకు 25 శాతం సబ్సిడీ ఇస్తారు. అప్పటికే నడుస్తున్న షాపుకు రాదు. అందుకే ముందు దరఖాస్తు, తర్వాతే షట్టరు.

తెచ్చిన డబ్బును మొదటి నెలలోనే మేడ మీద మేడకో, బోరుకో పెట్టకండి. మన నేలలో నీళ్లు పడని బోర్లు ముంచిన ఇళ్లు ఎన్నో. ఏడాది ఇంటిఖర్చు పక్కన పెట్టాకే మిగతా సొమ్ము ముట్టుకోండి. అంత సొమ్ము కూడకపోతే, అక్కడ ఒంట్లో ఓపిక, చేతిలో అకామా ఉన్నంతవరకు ఇంకో ఏడాది ఆగి రావడమే మేలు.