రైతు ఇంట ఇనప్పెట్టె: ఎంపిక, అమరిక, వాడుక

గుంటూరు, ప్రకాశం ప్రాంతముల నల్లరేగడి భూములలో పత్తి, మిరప సాగుచేయు రైతుకు ఖర్చు ఏడాది పొడవునా ఉండును. రాబడి మాత్రము కొద్ది నెలలలోనే చేతికి వచ్చును. పత్తి తీతలు ముగియుచుండగనే మిరప కోతలు మొదలగును. కాయ అమ్మిన సొమ్ముతో బ్యాంకులో కుదువ పెట్టిన నగలు విడిపించి ఇంటికి తెచ్చుకొందురు. ఆ వెనుకనే వైశాఖ, జ్యేష్ఠ మాసముల పెండ్లిండ్లకు కొత్త నగలు కొందురు.

ఇదే కాలములో ఇంటి యజమాని మిరపకాయ ఆరబోసిన కల్లము వద్ద కాపలా పడుకొనును. లేదా టిక్కీలతో గుంటూరు యార్డుకు వెళ్ళి రాత్రి అక్కడనే ఉండును. ఇంటిలోనివారు ఎండకు తాళలేక డాబాపై నిద్రింతురు. అనగా ఇంట సొమ్ము ఎక్కువగా ఉండు దినములును, కాపలా తక్కువగా ఉండు దినములును ఒక్కటే. కల్లములోని కాయకు కాపలా పెట్టు రైతు, ఆ కాయ తెచ్చిన సొమ్ముకు కూడ తగిన కాపలా ఏర్పరచుకొనుట అవసరము. ఇనప్పెట్టె అట్టి కాపలాలలో ఒకటి. అయితే సరియైన పెట్టెను ఎన్నుకొని, సరిగా అమర్చి, సరిగా వాడినప్పుడే అది పనిచేయును.

1. ఇంట ఉంచవలసినవి, ఉంచరానివి

పెట్టె కొనుటకు ముందు అందులో ఏమి ఉంచవలెనో నిశ్చయించుకొనవలెను. అమ్మకపు సొమ్మును బ్యాంకు ఖాతాలో జమ చేయించుకొనుట ఉత్తమము. ఒక బ్యాంకులో ఒక్కొక్క ఖాతాదారుకు అసలు, వడ్డీ కలిపి 5 లక్షల రూపాయల వరకు డిపాజిట్ బీమా 2020 ఫిబ్రవరి 4 నుండి అమలులో ఉన్నది. ఒకే వ్యక్తి నుండి ఒక దినమున 2 లక్షలు గాని, అంతకు మించి గాని నగదుగా పుచ్చుకొనరాదను నియమము కూడ 2017 ఏప్రిల్ నుండి ఉన్నది.

నగదు దాచుటలో మరియొక చిక్కు కలదు. 2016 నవంబరు 8న 500, 1000 రూపాయల పాత నోట్ల రద్దును ప్రకటించిరి. 2023 మే నెలలో 2000 రూపాయల నోటును చలామణి నుండి ఉపసంహరించిరి. ఆ ఏడాది అక్టోబరు 7 తరువాత దానిని మార్చుకొనుట సాధారణ బ్యాంకు శాఖలలో ఆగిపోయినది. ఎంత గట్టి పెట్టెయైనను నోటు చెల్లుబాటును కాపాడలేదు.

ఏడాదికి రెండు మూడు మారులు మాత్రమే ధరించు నగలను బ్యాంకు లాకరులో ఉంచుట మేలు. 2022 జనవరి నుండి అమలైన రిజర్వు బ్యాంకు ఆదేశముల ప్రకారము, దొంగతనము, అగ్నిప్రమాదము, భవనము కూలుట, సిబ్బంది మోసము వలన లాకరులోని వస్తువులు పోయిన, ఏటి అద్దెకు 100 రెట్ల వరకు బ్యాంకు బాధ్యత వహించును. ఏటి అద్దె 3,000 రూపాయలైనచో ఆ పరిమితి 3 లక్షలు. నగల విలువ అంతకు మించినదైన ఈ సంగతి గుర్తుంచుకొనవలెను. లాకరులో నగదు ఉంచరాదు. నామినీ పేరు తప్పక వ్రాయించవలెను.

ఇక ఇంటి పెట్టెలో ఉండవలసినవి: నిత్యము వాడు నగలు, కోత కూలీలకు ఒకటి రెండు వారములకు సరిపడు నగదు, పట్టాదారు పాస్ పుస్తకము, దస్తావేజులు, కోల్డ్ స్టోరేజి బాండ్లు, కాటా చీటీలు, అమ్మకపు పట్టీలు, విత్తనముల, ఎరువుల, మందుల బిల్లులు. ఈ చివరి వాటిని చాలమంది గూటిలో పడవేయుదురు. విత్తనము నాసిదని తేలిన నాడు పరిహారము అడుగుటకు బిల్లే ఆధారము. కోల్డ్ స్టోరేజిలోని కాయను విడిపించుకొనుటకు బాండే ఆధారము. కాబట్టి అవియు సొమ్ముతో సమానమే.

2. సొమ్ముకు నలుగురు శత్రువులు

పెట్టె అనగానే దొంగ ఒక్కడే తలపునకు వచ్చును. నిజమునకు శత్రువులు నలుగురు: దొంగ, అగ్ని, చెద, చెమ్మ.

కృష్ణా జిల్లా మైలవరములో ఒకరు ఇల్లు కట్టుకొనుటకై కూడబెట్టిన సుమారు 5 లక్షల రూపాయల నోట్లను ట్రంకు పెట్టెలో దాచిరి. 2021 ఫిబ్రవరిలో తెరచి చూడగా చెద తినివేసియున్నది. తాళము వేసినది వేసినట్లే ఉన్నది. చెద ఇనుమును కొరకజాలదు. అతుకుల సందులలో నుండి, అడుగు రంధ్రములలో నుండి లోనికి పోవును. మన నోటు కాగితము పత్తితో తయారగునది. పత్తి, కర్ర, గడ్డి అన్నియు చెదకు ఆహారమే.

పాడైన నోట్లకు రిజర్వు బ్యాంకు నియమములు కలవు. 50 రూపాయలు, అంతకు మించిన నోట్లలో మిగిలిన ఒకే పెద్ద ముక్క నోటు విస్తీర్ణములో 80 శాతము మించిన పూర్తి విలువ, 40 నుండి 80 శాతము వరకైన సగము విలువ ఇత్తురు. 40 శాతము లోపైన ఏమియు రాదు. బాగుగా కాలి, పెళుసెక్కిన నోట్లను సాధారణ బ్యాంకు శాఖ మార్చదు; రిజర్వు బ్యాంకు కార్యాలయమునకే తీసుకొనిపోవలెను.

అగ్ని సంగతి పత్తి రైతుకు చెప్పనక్కరలేదు. ధర కొరకు పత్తిని ఇంటి గదులలోనే నిల్వచేయుట మన ప్రాంతమున వాడుక. పత్తిలో పడిన నిప్పు పైకి కనిపించక లోలోపల రగులుచుండును. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికిన్ అను ఓడలో పత్తి బేళ్లు అంటుకొని, అందలి మందుగుండు పేలి ఘోర ప్రమాదము జరిగినది. ఆ ఓడలోనే బంగారు కడ్డీలు ఉండెను. పత్తి బూడిదయైనది గాని, చెల్లాచెదరైన కడ్డీలలో కొన్ని ఏండ్ల తరువాత కూడ రేవు బురదలో దొరికినవి. బంగారము కరగుటకు 1064 డిగ్రీల సెంటీగ్రేడు వేడి కావలెను. కాగితము మాడుటకు అందులో నాలుగవ వంతు కూడ అవసరము లేదు. అందుచేత అగ్ని నుండి ముందుగా కాపాడవలసినవి నగలు కావు, కాగితములు.

3. పెట్టె ఎంపిక

బీరువాలోని లాకరు ఇనప్పెట్టె కాదు. బీరువా రేకు సాధారణముగా ఒక మిల్లీమీటరు మందము ఉండును. గడ్డపారతో కొద్ది నిమిషములలో ఊడివచ్చును. ఆ గడ్డపారను దొంగ మోసుకొని రానక్కరలేదు. మన పెరటిలోనే దొరకును. గడ్డపార, గొడ్డలి, పలుగు, నిచ్చెన రాత్రివేళ తాళము వేసిన కొట్టములో ఉంచవలెను.

కొనునపుడు ఈ అంశములు పరిశీలించవలెను.

(అ) ముద్ర: ఇనప్పెట్టెలకు ఐ.ఎస్. 550 అను భారతీయ ప్రమాణము కలదు. ఆ ప్రకారము పరీక్షింపబడినదా అని అడిగి, ముద్రను స్వయముగా చూడవలెను.

(ఆ) తలుపు: రేకు మందముతో పాటు లోపలి గడియ కడ్డీలు చూడవలెను. అవి ఒక ప్రక్కకు మాత్రమే గాక రెండు మూడు ప్రక్కలకు పొడుచుకొని వచ్చుట మంచిది. బందులు కోసినను తలుపు ఊడని ఏర్పాటు ఉండవలెను.

(ఇ) అగ్ని నిరోధము: దొంగకు ఆగు పెట్టె నిప్పుకు ఆగునని లేదు, నిప్పుకు ఆగునది దొంగకు ఆగునని లేదు. రెండును వేరువేరుగా విచారించవలెను. అగ్ని నిరోధక పెట్టె గోడల నడుమ నీటి అంశము గల పదార్థము నింపుదురు. వేడి తగిలినపుడు ఆ నీరు ఆవిరియగుచు లోపలి వేడిని పెరగనీయదు. అమెరికాలో ఏర్పరచిన ఒక ప్రమాణము ప్రకారము కాగితముల పెట్టెలో నిర్ణీత కాలము వరకు లోపలి వేడి 177 డిగ్రీల సెంటీగ్రేడు దాటరాదు. ఎన్ని నిమిషములకు పరీక్షించిరో అడుగవలెను. 60 నిమిషములది ఇంటికి తగినది. పెన్‌డ్రైవు వంటివి ఇంతకన్న చాల తక్కువ వేడికే చెడిపోవును గనుక, వాటికి ఈ పెట్టె రక్షణ కాదు.

(ఈ) బరువు: జిన్నింగు మిల్లులో 170 కిలోల పత్తి బేలును మనుష్యులు దొర్లించుచునే ఉన్నారు. 50, 60 కిలోల పెట్టెను ఇద్దరు సులభముగా మోసుకొనిపోగలరు. బరువును నమ్ముకొనక, అడుగున బోల్టు రంధ్రములున్న పెట్టెనే కొనవలెను.

(ఉ) తాళము: తాళపుచెవితో తెరచునది, అంకెలు నొక్కి తెరచునది అని రెండు విధములు. మొదటి దానికి విద్యుత్తు గాని బ్యాటరీ గాని అక్కరలేదు; చెవిని కాపాడుటే కష్టము. రెండవ దానికి చెవి బెడద లేదు; బ్యాటరీని కనిపెట్టి ఉండవలెను. ఏటేట ఉగాదికి బ్యాటరీలు మార్చు అలవాటు చేసికొన్న మరపు ఉండదు. కంపెనీ వేసి ఇచ్చిన అంకెలను మొదటి దినముననే మార్చవలెను.

4. అమరిక

మన నల్లరేగడి నేల వానకు ఉబ్బి, ఎండకు బీటలు వారును. ఇట్టి నేలపై పలుచని గచ్చు వేసి బరువైన పెట్టె నిలిపిన, రెండు మూడేండ్లలో అది ఒక ప్రక్కకు ఒరిగి తలుపు బిగుసుకొనును. కాబట్టి పెట్టె నిలుపు చోట రేగడి మట్టిని త్రవ్వి తీసి, గరుసు పోసి దిమ్మిస చేసి, దానిపై కనీసము 15 సెంటీమీటర్ల మందమున కంకర కాంక్రీటు పోయవలెను. కాంక్రీటు గట్టిపడిన తరువాత నాలుగు 12 మిల్లీమీటర్ల యాంకర్ బోల్టులతో పెట్టెను బిగించవలెను. బోల్టు రంధ్రముల చుట్టు ఉన్న సందులను సీలెంటుతో పూడ్చవలెను. లేనిచో అవే చెదకు దారులగును.

పెట్టెను గది మూలన, తలుపు ప్రక్క గోడకు దగ్గరగా ఉంచిన గడ్డపార ఆనించి పెకలించుటకు చోటు చిక్కదు. వీధి తలుపు నుండి, కిటికీ నుండి కనిపించరాదు. పత్తి నిల్వ ఉన్న గదిలోను, వంటగది ప్రక్కను ఉంచరాదు. పెట్టెను పట్టపగలు రచ్చబండ ఎదుట దించుట ఊరంతటికి చాటుటయే. కూలీలు, మేస్త్రీలు వచ్చినపుడు వారి ఎదుట తెరచుటయు మంచిది కాదు.

5. చెద, చెమ్మల నివారణ

అగ్ని నిరోధక పెట్టె లోపల స్వతహాగా కొంత చెమ్మ ఉండును. కాగితములను ప్లాస్టిక్ కవరులలో మూసి, పెట్టెలో సిలికా జెల్ పొట్లములు ఉంచవలెను. వానకాలములో నెలకొకమారైన పెట్టె తెరచి అంతయు బయటకు తీసి చూడవలెను. గోడ వెంట మట్టి గొట్టములు కనిపించిన చెద వచ్చినదని గ్రహించవలెను. భవనములలో చెదకై నమోదైన ఇమిడాక్లోప్రిడ్ 30.5 శాతము మందును లీటరు నీటికి 2.1 మిల్లీలీటర్ల చొప్పున కలిపి, శిక్షణ పొందినవారి చేత గోడ మొదళ్ళలో వేయించవలెను. పైరుకు చల్లగా మిగిలిన మందులను ఇంటిలో వాడరాదు.

అపరాలలో పురుగుకు వాడు అల్యూమినియం ఫాస్ఫైడు బిళ్ళలను పెట్టెలో గాని, నివాస గృహములో గాని ఎట్టి పరిస్థితిలోను ఉంచరాదు. దాని నుండి వెలువడు విషవాయువు ప్రాణములు తీయును. అంతేగాక రాగి, వెండి, బంగారములను, అంకెల తాళములోని తీగలను కూడ పాడుచేయును.

6. తాళపుచెవి, జాబితా

ద్వారబంధముపైన, బియ్యపు డబ్బాలో, దేవుని పటము వెనుక, పరుపు క్రింద తాళపుచెవి దాచుట అందరికి తెలిసిన రహస్యము. ఒక చెవి మనిషి వద్దనే ఉండవలెను. రెండవ చెవిని ఇంటిలో గాక బ్యాంకు లాకరులోనో, నమ్మకమైన దగ్గరి బంధువుల వద్దనో ఉంచవలెను. పుట్టిన తేదీ, ఫోను నంబరు, వాహనపు నంబరు అంకెలుగా పెట్టరాదు.

పెట్టె సంగతి కుటుంబములో ఇద్దరికి తెలిసియుండుట తప్పనిసరి. యజమాని హఠాత్తుగా పోయినచో ఏ కోల్డ్ స్టోరేజిలో ఎన్ని టిక్కీలున్నవో, ఏ బ్యాంకులో నగలున్నవో, ఎవరికి ఎంత ఇవ్వవలెనో భార్యకు తెలియక, చెప్పినంత చెల్లించవలసిన దుస్థితి ఏర్పడును. ఒక నోటుపుస్తకములో ఈ వివరములన్నియు వ్రాసి పెట్టెలో ఉంచి, ఆమెకు చూపవలెను.

నగల ఛాయాచిత్రములు, బరువు, హాల్‌మార్కుతో పాటు ఉండు ఆరు అక్షరాంకెల హెచ్.యు.ఐ.డి. గుర్తు వ్రాసిన మరియొక జాబితాను ఇంటి వెలుపల భద్రపరచవలెను. నగ పోయిన నాడు మనదని చూపుటకు అది ఆధారమగును. దస్తావేజుల నకళ్ళు కూడ తీసి వేరుచోట ఉంచవలెను. రిజిస్టరైన దస్తావేజు పోయినను, సబ్ రిజిస్ట్రారు కార్యాలయము నుండి ధ్రువీకృత నకలు పొందవచ్చును; దస్తావేజు నంబరు, సంవత్సరము తెలిసిన పని సులువు.

గుర్తుంచుకొనవలసినవి

1. అమ్మకపు సొమ్ము ముందు బ్యాంకుకు, మిగిలిన కొద్దియే పెట్టెకు.
2. బీరువా లాకరును ఇనప్పెట్టెగా భావించరాదు.
3. దొంగకు, నిప్పుకు వేరువేరు పరీక్షలు; రెండును అడిగి కొనవలెను.
4. రేగడి మట్టి తీసి, కాంక్రీటు పోసి, బోల్టులతో బిగించవలెను.
5. నెలకొకమారు తెరచి చెద, చెమ్మ చూడవలెను.
6. రెండవ చెవి, నగల జాబితా ఇంటి వెలుపల ఉండవలెను.
7. దొంగతనము జరిగిన దేనిని తాకక 112కు ఫోను చేయవలెను. దొంగలు ఎదురుపడి బెదిరించిన పెట్టె తెరచి ఇచ్చివేయవలెను. ప్రాణము కన్న సొమ్ము మిన్న కాదు.

ఆరు నెలలు ఎండలో, మందుల ఘాటులో, కోత మంటలో పండించిన పంట విలువ ఈ పెట్టెలోని కొద్ది కాగితములలో, నాలుగు నగలలో ఇమిడియున్నది. ఈ ఏడు తొలి కోత సొమ్ము ఇంటికి చేరక ముందే రైతు సోదరులు, సోదరీమణులు కలిసి కూర్చుండి తమ ఇంటి ఏర్పాటును ఒకమారు సరిచూచుకొనుట మంచిది.