రోడ్డు పక్కన పండుకుంటే కేసైతదా? సుల్తానాబాద్‌లో తరచూ అడిగే ప్రశ్నలు

రాజీవ్ రహదారి మీద లారీల రొద తగ్గినంక పెద్దపల్లి జిల్లా సుల్తానాబాద్‌లో చూడండి. మూసిన దుకాణాల మెట్ల మీద, బస్టాండులో, రైస్ మిల్లుల గోడల వారన మనుషులు పండుకొని ఉంటరు. హమాలీలు, ఒడిశా నుంచి ఇటుక బట్టీలకు వచ్చినవాళ్లు, కొడుకులు చూడని ముసలోళ్లు. అర్ధరాత్రి లాఠీ చప్పుడుకు లేచేది వాళ్లే. ఈ ప్రశ్నలన్నీ వాళ్ల తరఫునే.

ఆరుబయట పండుకోవడం నేరమా?

భారతీయ న్యాయ సంహితలో అలాంటి నేరం లేదు. అమెరికాలో కొన్ని ఊళ్లలో ఉంది. ఒరెగాన్ రాష్ట్రంలోని గ్రాంట్స్ పాస్ అనే చిన్న పట్టణం, ఇల్లు లేనివాళ్లు పార్కుల్లో దుప్పటి పరుచుకున్నా జరిమానా వేసింది. 2024 జూన్ 28న అక్కడి సుప్రీంకోర్టు 6–3 తీర్పుతో దాన్ని సమర్థించింది. మన దగ్గర నిద్రకు సూటిగా శిక్ష వేయరు, వేరే సెక్షన్లు పట్టుకొస్తరు.

ఏ సెక్షన్లు?

ఒకటి, న్యాయ సంహిత 285. దారికి అడ్డం పడితే రూ.5,000 దాకా జరిమానా. మూసిన షట్టర్ ముందు ముడుచుకొని పండుకున్న మనిషి ఎవరి దారికి అడ్డమో అడగాలి. రెండోది, నాగరిక్ సురక్షా సంహిత 128, అంటే పాత సీఆర్‌పీసీ 109. నేరం చేసే ఉద్దేశంతో దాక్కుంటున్నాడని నమ్మడానికి ఆధారముంటే ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ బాండు అడగొచ్చు. బస్టాండు లైటు కింద నలుగురి కళ్ల ముందు పండుకున్నోడు దాక్కున్నట్టెట్లయితది? ఇల్లు లేకపోవడమే అనుమానానికి కారణం కాకూడదు.

అడుక్కుంటే?

1977 నాటి భిక్షాటన నిరోధక చట్టం ఉమ్మడి రాష్ట్రం నుంచి మనకు వచ్చింది. దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. 2017 నవంబరులో అమెరికా అధ్యక్షుడు ట్రంప్ కూతురు ఇవాంకా వచ్చిన సదస్సుకు ముందు హైదరాబాద్ పోలీసులు అప్పటి సీఆర్‌పీసీ 144 సెక్షన్ కింద నగరంలో రెండు నెలలు భిక్షాటన నిషేధించారు. మగవాళ్లను చంచల్‌గూడ, ఆడవాళ్లను చర్లపల్లి జైలు ఆవరణల్లోని ఆశ్రమాలకు తరలించారు. అతిథి కంట పడకుండా పేదోణ్ణి దాచిపెట్టడం అది. నా లెక్కలో అది పాలన కాదు, అవమానం.

2018 ఆగస్టు 8న ఢిల్లీ హైకోర్టు, అక్కడ అమల్లో ఉన్న బొంబాయి చట్టంలో భిక్షాటనను నేరం చేసిన నిబంధనలను కొట్టేసింది. ఆ తీర్పు తెలంగాణలో నేరుగా వర్తించదు. కానీ మన లాయర్లు ఇక్కడి కోర్టు ముందు దాన్ని పెట్టి వాదించొచ్చు. 2021లో కరోనా కాలంలో, వీధుల నుంచి బిచ్చగాళ్లను తొలగించాలన్న కోరికను సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. చదువు, పని లేకనే మనుషులు ఆ గతికి వస్తరని అన్నది.

ఊరి బయట గుడారాలు వేసుకునే సంచార జాతుల సంగతేంది?

గంగిరెద్దులోళ్లు, బుడగ జంగాలు, ఇంకా ఎందరో తరతరాలుగా ఇట్లనే బతికారు. ప్రభుత్వ భూమిలో, రోడ్డు మీద శాశ్వతంగా ఉండే హక్కు ఎవరికీ లేదు. ఈ మాట దాచిపెట్టి ధైర్యం చెప్పడం మోసమే అవుతుంది. 1985లో ఓల్గా టెల్లిస్ కేసులో సుప్రీంకోర్టు ఈ రెండు మాటలూ చెప్పింది: బతుకుతెరువు జీవించే హక్కులో భాగం, కానీ ఫుట్‌పాత్ సొంతం కాదు. మామూలుగా నోటీసు ఇచ్చి, వాళ్ల మాట విన్నాకే ఖాళీ చేయించాలన్నది. ఆ ఏడు వానలు పోయేదాకా, అక్టోబరు 31 వరకు, ముంబై గుడిసెలను తీయనియ్యలేదు.

కొన్ని జాతుల మీద బ్రిటిష్ కాలపు 'నేరస్థ' ముద్ర 1952లోనే చట్టంలోంచి పోయింది. మనసుల్లోంచి పోలేదు. 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు, ఆ ముద్ర పోయిన విముక్త జాతులవాళ్లను ఇష్టం వచ్చినట్టు అరెస్టు చేయొద్దని పోలీసులకు మళ్లీ చెప్పింది.

ప్రభుత్వ షెల్టర్ ఉంటదా?

2024లో ముగిసిన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్‌లో లెక్క, లక్ష పట్టణ జనాభాకు ఒక షెల్టర్, మనిషికి 50 చదరపు అడుగులుగా ఉండేది. సుల్తానాబాద్ జనాభా లక్షకు చాలా దూరం. అసలు చిక్కు ఇక్కడే. లేపడానికి చట్టం ప్రతి ఊరికీ ఉంది, పండబెట్టడానికి పెట్టిన ఆ లెక్క మాత్రం పెద్ద నగరాలకే సరిపోయింది. పండుకునే జాగా చూపకుండా లేపడం తప్పు. మున్సిపాలిటీని అడగాల్సింది కనీసం చలికాలంలో తెరిచి ఉంచే ఒక్క హాలు.

స్టేషన్‌కు తీసుకపోతే?

ఎందుకో చెప్పాలి. అరెస్టు చేస్తే 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు పెట్టాలి. పొద్దు గూకినంక తెల్లారేదాకా ఆడవాళ్లను అరెస్టు చేయాలంటే ప్రత్యేక పరిస్థితి ఉండాలి, మహిళా పోలీసు ఉండాలి, మేజిస్ట్రేట్ ముందస్తు అనుమతి ఉండాలి. కస్టడీలో ఉన్నవాళ్లు, ఆడవాళ్లు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, వికలాంగులు ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. ఫోన్ 15100. పిల్లలుంటే 1098.

ఇంటి నంబరు లేకుంటే ఓటుంటదా?

ఉంటది. బూత్ లెవల్ అధికారి రాత్రిపూట వచ్చి, ఆ మనిషి నిజంగా అక్కడే నిద్రపోతున్నాడో లేదో చూస్తాడు. చిరునామాకు అదే రుజువు, దానికి వేరే కాగితం అక్కర్లేదు.

మాకు ఇల్లుంది. మేం చేసేదేముంది?

రాత్రి ఎవరినైనా లేపి వాహనం ఎక్కిస్తుంటే ఆగండి. ఎక్కడికి తీసుకపోతున్నరో మర్యాదగా అడగండి. స్టేషన్ పేరు, టైము రాసుకొని 15100కు ఫోన్ చేయండి.