పాత కారు హ్యాండ్ బ్రేకు: ముందు డ్రమ్ము, తర్వాతే కేబులు

విద్యార్థులారా, హోసూరులో ఐ.టి.ఐ. పిల్లలకు నేను వర్క్‌షాపు పాఠం చెబుతాను. చంద్రచూడేశ్వరుని కొండ ఎక్కే దారిలో వెనుక చక్రం కింద రాయి పెట్టి నిలిపిన పాత కార్లు మీరూ చూసే ఉంటారు. హ్యాండ్ బ్రేకు పట్టదు కాబట్టి రాయి. ఆ రాయి జారితే కింద నడిచి వచ్చేవాళ్ల గతేమిటి? అందుకే ఈసారి పాఠం హ్యాండ్ బ్రేకు గురించి. ఉదాహరణకు మారుతి 800ను తీసుకుందాం. 1983 నుంచి 2014 వరకు తయారైన ఈ బండి ఇప్పటికీ మన వీధుల్లో కనిపిస్తుంది.

కాలి బ్రేకు నూనె ఒత్తిడితో నాలుగు చక్రాల మీదా పనిచేస్తుంది. హ్యాండ్ బ్రేకులో నూనెకు పని లేదు. ఉక్కు కేబులు వెనుక డ్రమ్ముల్లోని చిన్న మీటలను లాగుతుంది, ఆ మీటలు షూలను డ్రమ్ముకు అదుముతాయి. తమిళ మీడియం పిల్లలు నెంబుగోల్ అనీ, కన్నడ మీడియం వాళ్లు సన్నెగోలు అనీ చదివే పాఠమే ఇది. ఇంట్లో గునపంతో బండరాయిని పెకిలించేదీ ఈ సూత్రంతోనే.

ఒక లెక్క చూడండి. ఇరుసు నుంచి చెయ్యి పట్టుకునే చోటు 30 సెం.మీ., కేబులు తగిలించిన చోటు 5 సెం.మీ. అనుకుందాం. అప్పుడు బలం 6 రెట్లు అవుతుంది. కాని ఊరికే రాదు. చెయ్యి 18 సెం.మీ. కదిలితే కేబులు కదిలేది 3 సెం.మీ. మాత్రమే. డ్రమ్ములోని మీట దగ్గర కదలిక ఇంకా తగ్గుతుంది. షూ అరిగి, డ్రమ్ముకూ షూకూ మధ్య ఖాళీ పెరిగితే, ఉన్న కాస్త కదలికా ఆ ఖాళీ పూడ్చడానికే ఖర్చయిపోతుంది. ఇక అదమడానికి ఏం మిగులుతుంది?

చాలా షాపుల్లో చేసే పని నాకు నచ్చదు. హ్యాండ్ బ్రేకు వదులైందనగానే పానా తీసుకుని కేబులు నట్టు బిగిస్తారు. రెండు నిమిషాల పని, యజమానికీ సంతోషం. కాని కేబులు అతిగా బిగిస్తే డ్రమ్ములోని మీట తన చోటికి పూర్తిగా తిరిగి రాదు. దానంతట అది ఖాళీని సరిచేసుకునే అడ్జస్టరు సరిగా పనిచేయదు. షూలు రాసుకుని డ్రమ్ము వేడెక్కుతుంది, లైనింగు త్వరగా అరుగుతుంది. కొన్నాళ్లకు మళ్లీ అదే జబ్బు.

అందుకని ముందు జబ్బేదో పోల్చుకోవాలి. లివరు సుళువుగా పైదాకా వచ్చేస్తే ఖాళీ పెరిగిందన్నమాట. లివరు గట్టిగానే ఉండి కూడా బండి జారితే లైనింగుకు నూనె తగిలిందో, అది గాజులా నున్నబడిందో, కేబులు తొడుగులో తుప్పు పట్టి బిగుసుకుందో చూడాలి. ఒక చక్రం పట్టి రెండోది తిరుగుతుంటే ఆ పక్క కేబులునూ షూలనూ అనుమానించండి.

ఇక పని. సమతలంలో బండి నిలిపి, ముందు చక్రాలకు అటూ ఇటూ గట్టి దిమ్మెలు పెట్టండి. వెనుక భాగం జాకీతో లేపాక స్టాండుల మీద దించాలి. ఒట్టి జాకీని నమ్మి చెయ్యి పెట్టవద్దు. హ్యాండ్ బ్రేకు వదిలి, కేబులు నట్టు బాగా వదులు చేసి, ఆ తర్వాత డ్రమ్ము విప్పండి. లోపలి దుమ్మును నోటితోగాని, గాలి పైపుతోగాని ఊదకూడదు. పాత లైనింగులలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు, అది ఊపిరితిత్తులకు హాని. తడిబట్టతో తుడవండి. వీల్ సిలిండరు కారుతుంటే ముందు దాన్ని మార్చాలి. నూనె పీల్చిన షూలను కడిగి వాడవద్దు, రెండు పక్కలా కొత్తవి వేయండి. అడ్జస్టరు తుప్పు వదిలించి, అది కదులుతోందో లేదో చూడండి.

డ్రమ్ములు బిగించాక కాలి బ్రేకును కొన్నిసార్లు గట్టిగా తొక్కితే షూలు తమ దూరానికి వస్తాయి. కొన్ని బండ్లలో చేతితో తిప్పే అడ్జస్టరు ఉంటుంది. కేబులు నట్టు ముట్టుకోవలసింది ఇప్పుడు. కంపెనీ పుస్తకం చెప్పినన్ని "టక్కు"లకు లివరు బిగుసుకోవాలి, వదిలితే రెండు చక్రాలూ చేత్తో స్వేచ్ఛగా తిరగాలి.

తల్లిదండ్రులకు ఒక మాట. కాలి బ్రేకు కూడా తేడాగా ఉంటే పిల్లల చేత చేయించకండి, అనుభవమున్న మెకానిక్కుకు చూపించండి. పని అయ్యాక పరీక్ష కూడా ఖాళీ చోట, కొద్దిపాటి వాలులోనే చేయాలి. ఒకరు లోపల కూర్చుని కాలు బ్రేకు మీద సిద్ధంగా ఉంచుకోవాలి. బండికి ముందుగాని వెనుకగాని ఎవరూ నిలబడకూడదు. బండి పైకి చూస్తూ ఆగి ఉంటే మొదటి గేరు, కిందికి చూస్తూ ఉంటే రివర్సు గేరు వేసి దిగండి.